సముద్రం అడుగున కరెంటు తీగ: చేటు నీళ్ళలోనా, ఒడ్డునా?

అండమాన్ దీవులు ఇప్పటికీ ప్రధానంగా డీజిల్ జనరేటర్ల మీదే బతుకుతున్నాయి. ఒడిశాలోని పారాదీప్ నుంచి బంగాళాఖాతం అడుగున కేబుల్ వేసి వాటిని దేశపు గ్రిడ్‌కు కలపాలన్న ప్రతిపాదన కొన్నేళ్ళుగా చర్చలో ఉంది. భారత్, శ్రీలంకల మధ్య కరెంటు లైను మాట అంతకన్నా పాతది. ఇలాంటి వార్త వచ్చినప్పుడల్లా కళింగపట్నంలోనో, బారువలోనో, చింతపల్లిలోనో వేటకెళ్ళేవాళ్ళకు ముందుగా వచ్చే అనుమానం ఒకటే. వల తగిలితే షాక్ కొట్టదా? చేపలు చచ్చిపోవా?

షాక్ కొట్టదు, చేపలు చావవు. అలాగని కేబుల్ వల్ల ఏ చేటూ లేదనడం కూడా తప్పే. జనం భయపడే చోట చేటు తక్కువ, ఎవరూ అడగని చోట ఎక్కువ. అందుకే ఈ విషయం ఇంత గజిబిజిగా కనిపిస్తుంది.

మన శ్రీకాకుళం, విజయనగరం ఒడ్డుకు ఎదురుగా కరెంటు ఇవ్వాల్సిన దీవులేమీ లేవు. అయినా ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టే ఇసుక, నదులు తెచ్చే బురద, తుపాన్లు, చిన్న పడవల వేట, ఇలా కేబుల్ విషయంలో లెక్కలోకి వచ్చేవన్నీ ఇక్కడ ఉన్నాయి. అందుకే ఉదాహరణలకు ఈ ఒడ్డునే తీసుకుందాం.

కేబుల్‌ను అడ్డంగా కోస్తే

కరెంటు స్తంభం మీది తీగకు తొడుగు ఉండదు, గాలే దానికి రక్షణ. సముద్రంలో వేసేది వేరు. దాని లావు 12 నుంచి 15 సెంటీమీటర్లు, అంటే మనిషి ముంజేతి కంటే ఎక్కువే. మధ్యలో రాగి లేదా అల్యూమినియం కడ్డీ. దాని చుట్టూ రెండు సెంటీమీటర్ల మందాన ప్లాస్టిక్ జాతి ఇన్సులేషన్, లేదంటే నూనెలో నానిన కాగితపు పొరలు. ఆ పైన చుక్క నీరు దూరకుండా సీసపు తొడుగు, దాని మీద మరో ప్లాస్టిక్ పొర. ఆపైన జడలా చుట్టిన గాల్వనైజ్డ్ ఉక్కు తీగలు. అన్నిటికీ పైన తారు పూసిన నారపొర. మీటరు ముక్క 30 నుంచి 50 కిలోలు తూగుతుంది.

సీసపు తొడుగును, ఉక్కు తీగలను ఎర్తింగ్ చేస్తారు. కాబట్టి లోపలి విద్యుత్ క్షేత్రం బయటి నీటిలోకి రాదు. లంగరు తగిలి కేబుల్ తెగినా ఒడ్డున ఉన్న రిలేలు, అంటే లోపాన్ని పసిగట్టే పరికరాలు, సెకనులో చిన్న భాగంలోనే సరఫరా ఆపేస్తాయి. షాక్ భయం ఇక్కడితో తీరిపోతుంది.

పాత తరం కేబుళ్ళలో ఇంకో రకం ఉంది. వాటిలో పల్చని నూనెను ఒత్తిడితో నింపేవారు. లంగరు తగిలి తెగితే ఆ నూనె రోజుల తరబడి సముద్రంలోకి కారేది. కొత్తగా వేసేవాటిలో ఈ రకం దాదాపు కనిపించదు. కాగితపు పొరల కేబుల్‌లో నూనె జిగటగా ఉంటుంది, తెగినా కారిపోదు.

ఏసీ ఎంత దూరం పోగలదు?

మన ఇళ్ళకు వచ్చేది ఏసీ. అది సెకనుకు 50 సార్లు ఇటూ అటూ ఊగుతుంది. దాన్నే సముద్రంలో వందల కిలోమీటర్లు పంపకపోవడానికి కారణం కేబుల్ నిర్మాణంలోనే ఉంది. లోపల కడ్డీ, బయట సీసం, మధ్యలో ఇన్సులేషన్. ఇది అచ్చం కెపాసిటర్, అంటే కరెంటును నింపుకుని వదిలే పరికరం. చేనుకు నీరు పారాలంటే ముందు కాలువ నిండాలి కదా. ఏసీలోనైతే ఆ కాలువ సెకనుకు వందసార్లు నిండి, వందసార్లు ఖాళీ అవుతుంది. నింపడానికే కరెంటు ఖర్చవుతుంది.

లెక్క చూడండి. 132 కిలోవోల్టుల కేబుల్, కిలోమీటరుకు 0.2 మైక్రోఫారడ్ల కెపాసిటెన్స్ అనుకుందాం. కిలోమీటరుకు దాదాపు 4.8 ఆంపియర్లు నింపుడుకే పోతాయి. 100 కిలోమీటర్లకు 480 ఆంపియర్లు. కేబుల్ మోయగలిగేది 600 అయితే పనికొచ్చే కరెంటుకు మిగిలేది 360. ఇక్కడ తీసివేత నేరుగా కాదు, వర్గాల లెక్కలో చేయాలి. 125 కిలోమీటర్లు దాటితే ఒక చివరి నుంచి పంపినప్పుడు మిగిలేది సున్నా. రెండు చివర్లా రియాక్టర్లు (ఈ నింపుడు కరెంటును సర్దే తీగచుట్టలు) పెట్టి ఈ హద్దును కొంత జరపవచ్చు. 2021లో గ్రీసు క్రీట్ దీవిని పెలొపొన్నెసస్‌కు కలిపిన 150 కిలోవోల్టుల ఏసీ లైను సముద్రంలో 130 కిలోమీటర్ల పైచిలుకు నడుస్తుంది. ఆ తరహాలో హద్దుకు దగ్గరగా వెళ్ళినవాటిలో అదొకటి.

అంతకు మించితే ఒకే దిశలో పారే డీసీ వాడాల్సిందే. ఈ దారి 1954లో మొదలైంది. స్వీడన్ తన గోట్లాండ్ దీవికి 98 కిలోమీటర్ల డీసీ కేబుల్ వేసి 20 మెగావాట్లు పంపింది. డీసీకి రెండు చివర్లా ఏసీని డీసీగా, డీసీని ఏసీగా మార్చే కన్వర్టర్ స్టేషన్లు కావాలి. ఒక్కోదానికి ఎకరాల కొద్దీ నేల పడుతుంది. మన దేశంలో దీవికి కేబుల్ అనగానే గుర్తొచ్చేది ముంబై దగ్గరి ఎలిఫెంటా. 2018 ఫిబ్రవరిలో 7.5 కిలోమీటర్ల కేబుల్‌తో అక్కడికి కరెంటు వచ్చింది. ఆ దూరానికి ఏసీ చాలు. పారాదీప్ నుంచి అండమాన్ రాజధాని పోర్ట్ బ్లెయిర్‌కు (ఇప్పుడు శ్రీ విజయపురం) వెయ్యి కిలోమీటర్లకు పైమాటే, దారిలో లోతు 2,000 మీటర్లు దాటుతుంది. ఇటలీ ప్రధాన భూభాగాన్ని సార్డీనియాతో కలిపిన కేబుల్ 1,640 మీటర్ల లోతుకు దిగింది, చాలా ఏళ్ళు అదే రికార్డు. ఎలిఫెంటాకు వేశాం కదా, అండమాన్‌కూ వేసేయొచ్చు అనుకుంటే ఊరి చెరువులో ఈత నేర్చుకుని సముద్రంలో దూకినట్టే.

అయస్కాంత క్షేత్రం: దూరమే మందు

విద్యుత్ క్షేత్రం తొడుగులోనే ఆగిపోతుంది. అయస్కాంత క్షేత్రం ఆగదు. సీసం, ఇసుక, నీరు ఏవీ దాన్ని అడ్డుకోవు. కేబుల్‌ను పాతిపెడితే క్షేత్రం ఆగిపోతుందని చాలామంది రాస్తుంటారు, అది పొరపాటు. పాతిపెట్టడం వల్ల జీవికీ కేబుల్‌కీ మధ్య దూరం పెరుగుతుంది, ఒరిగేది అంతే. కానీ ఆ దూరం విలువ తక్కువది కాదు.

కొలమానం మైక్రోటెస్లా. మన తీరంలో భూమి సహజ క్షేత్రమే 43 మైక్రోటెస్లాల దాకా ఉంటుంది. డీసీ లైనులో ఒక కేబుల్‌లో కరెంటు వెళితే రెండోదాంట్లో తిరిగొస్తుంది. రెంటినీ జంటగా కట్టి వేస్తే ఒకదాని క్షేత్రాన్ని మరొకటి చాలావరకు కొట్టేస్తుంది. 1,000 ఆంపియర్లు పారుతూ, కేబుళ్ళ మధ్య 15 సెంటీమీటర్ల ఎడం ఉంటే, మీటరు దూరంలో 30 మైక్రోటెస్లాలు. రెండు మీటర్లకు ఏడున్నర. ఐదు మీటర్లకు 1.2. ఇరవై మీటర్లపైన ఈదే తాబేలుకు 0.075, అంటే భూమి క్షేత్రంలో అయిదువందో వంతు కూడా కాదు.

అదే రెండు కేబుళ్ళనూ దూరదూరంగా వేస్తే లెక్క తలకిందులవుతుంది. ఒంటి కేబుల్ దగ్గర మీటరు దూరంలో 200 మైక్రోటెస్లాలు, ఐదు మీటర్లకు 40, పది మీటర్లకు 20. పడవలోని దిక్సూచి ముల్లు తిరిగేది ఇలాంటి చోటే. మరమ్మతులో ఒకటి దెబ్బతింటే రెండోది మిగలాలని ఇంజినీర్లు ఎడం కోరుకుంటారు. జీవశాస్త్రజ్ఞులు జంటగా వేయమంటారు. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది.

తిరిగొచ్చే కరెంటును రెండో కేబుల్ లేకుండా సముద్రపు నీటి గుండానే రప్పించే పద్ధతి కూడా ఉంది. గోట్లాండ్‌లో మొదట చేసింది అదే. ఖర్చు తగ్గుతుంది. కానీ కరెంటును నీటిలోకి దించే ఎలక్ట్రోడు దగ్గర ఉప్పునీటి నుంచి క్లోరిన్ పుడుతుంది, చుట్టుపక్కల పైపులైన్లు, ఇనుప కట్టడాలు తుప్పు పడతాయి. టాస్మేనియాను ఆస్ట్రేలియాతో కలిపిన బాస్‌లింక్‌కు మొదట ఇదే అనుకున్నారు. అభ్యంతరాలు రావడంతో లోహపు తీగ ద్వారానే తిరుగు దారి ఇచ్చారు.

జీవులు ఏమంటున్నాయి?

సొరచేపలు, టేకు చేపలు ఇసుకలో దాక్కున్న ఎరను అది వెలువరించే అతి స్వల్ప విద్యుత్ క్షేత్రంతో పసిగడతాయి. మీటరుకు అర మైక్రోవోల్టు ఉన్నా వాటికి తెలుస్తుంది. 30 మైక్రోటెస్లాల క్షేత్రంలో నీరు సెకనుకు మీటరు వేగంతో కదిలితే మీటరుకు 30 మైక్రోవోల్టులు పుడతాయి. అంటే కేబుల్ ఉందని టేకు చేపకు తప్పక తెలుస్తుంది. కాకపోతే భూమి క్షేత్రంలో అదే నీరు కదిలినా 43 మైక్రోవోల్టులు పుడతాయి. ఆ రొద మధ్యే అది రోజూ వేటాడుతోంది.

తెలియడం ఒకటి, చెడడం ఒకటి. అమెరికాలో లాంగ్ ఐలండ్ దగ్గరి కేబుల్ మీద వలగూళ్ళు పెట్టి టేకు జాతి చేపలను, రాతి రొయ్యల జాతి లాబ్‌స్టర్లను గమనించారు. చేపలు అక్కడ ఎక్కువ తిరుగుతూ వెతికాయి, లాబ్‌స్టర్లలో మార్పు స్వల్పం. ఏదీ కేబుల్‌ను దాటడం మానలేదు. స్వీడన్‌లో ఎలండ్ దీవికి వెళ్ళే 130 కిలోవోల్టుల ఏసీ కేబుల్ మీదుగా వలస పోయే పాముచేపలు అక్కడ కాస్త నెమ్మదించి, తర్వాత సాగిపోయాయి. పీతల మీద తొట్లలో చేసిన పరీక్షల్లో 250 మైక్రోటెస్లాల వద్ద పెద్ద తేడా లేదు. 500 దాటాక అవి అక్కడికే చేరి కదలకుండా కూర్చున్నాయి. పూడ్చకుండా నేల మీద వదిలిన కేబుల్‌ను ఆనుకుని ఉంటే తప్ప పీతకు అంత క్షేత్రం తగలదు. రాతి నేల మీద కేబుల్ పాతడం కుదరదు కాబట్టి ఈ సంగతి రాళ్ళున్న చోట పట్టించుకోవాలి.

ఇక్కడొక మాట. ఈ పరీక్షలు చాలావరకు చల్లని సముద్రాల్లో, అక్కడి జాతుల మీద జరిగినవి. వాటిని తెచ్చి ఆలివ్ రిడ్లేకు అతికించి ‘ప్రమాదం లేదు’ అనేవాళ్ళు, ‘తాబేళ్ళు దారి తప్పుతాయి’ అనేవాళ్ళు, ఇద్దరూ చేతిలో ఉన్నదానికంటే ఎక్కువే మాట్లాడుతున్నారు.

వేడి, బురద

వేడిని తొందరగా తేల్చేయొచ్చు. వెయ్యి చదరపు మిల్లీమీటర్ల రాగి కడ్డీలో 1,000 ఆంపియర్లు పారితే మీటరుకు 18 వాట్ల దాకా వేడి పుడుతుంది. అది ఒక ఎల్ఈడీ ట్యూబ్‌లైటు అంత. పైనున్న నీటికి అది లెక్కలోకి రాదు. ఇసుకలోపలి పురుగులకు, గుల్లలకు మాత్రం వస్తుంది. అందుకే జర్మనీలో నేలకు 20 సెంటీమీటర్ల కింద వేడి 2 డిగ్రీలకు మించి పెరగకూడదన్న నియమం పెట్టారు. మీటరున్నర లోతున పాతితే మామూలుగా ఆ హద్దులోనే ఉంటుంది.

బురద సంగతి. నీటి ధారలతో ఇసుకను వదులు చేసి కేబుల్‌ను దించే యంత్రం పది మీటర్ల వెడల్పు నేలను కదిలిస్తుందనుకుంటే 100 కిలోమీటర్లకు ఒక చదరపు కిలోమీటరు. వానాకాలంలో వంశధార పొంగినప్పుడు కళింగపట్నం ముందు సముద్రం రోజుల తరబడి ఎర్రగా ఉంటుంది. అలాంటి చోటి బురదనేల జీవాలు ఈపాటి కదలికకు అలవాటు పడినవే. రాతిదిబ్బల మీద, పగడాల మీద, సముద్రపు గడ్డి మీద అదే బురద కమ్మితే తట్టుకోవు. అండమాన్ వైపు చివర పగడాలే ఉన్నాయి. ఒకే కేబుల్‌కు ఈ చివర చిన్న నష్టం, ఆ చివర పెద్ద నష్టం.

డీజిల్ ఆగితే గాలి ఎంత బాగుపడుతుంది?

కేబుల్‌కు అనుకూలంగా చెప్పే మొదటి మాట ఇదే. సగటున 20 మెగావాట్లు వాడే దీవిని ఊహించండి. రోజుకు 4 లక్షల 80 వేల యూనిట్లు. యూనిట్‌కు 0.27 లీటరు చొప్పున లక్షా ముప్ఫై వేల లీటర్ల డీజిల్. పన్నెండు వేల లీటర్ల ట్యాంకర్లలో పోస్తే పదకొండు. ఇదంతా ఓడల్లో రావాలి, దించాలి, నిల్వ చేయాలి. ప్రతి మెట్టులోనూ కొంత నీళ్ళపాలవుతుంది. ఊరి మధ్య పొగ, మసి, రాత్రంతా మోత.

కార్బన్ డయాక్సైడ్ లెక్క వేస్తే కథ మారుతుంది. లీటరు డీజిల్ కాలితే 2.68 కిలోలు, అంటే యూనిట్‌కు 0.7 కిలో. మన దేశపు గ్రిడ్‌లో బొగ్గు వాటా ఎక్కువ కాబట్టి అక్కడి సగటు కూడా యూనిట్‌కు 0.7 కిలో చుట్టుపక్కలే. దారిలో నష్టపోయే కరెంటు కలిపితే కేబుల్ వేసిన మొదటి ఏడాది వాతావరణానికి దక్కే లాభం దాదాపు లేదు. దీవి గాలికి మేలు, భూగోళానికి ఇప్పటికిప్పుడు ఏమీ లేదు. కేబుల్ ఆయుష్షు 40 ఏళ్ళు, ఆలోగా గ్రిడ్‌లో సౌర, పవన విద్యుత్తు పెరుగుతుందన్నది సమర్థకుల వాదన. అంత డబ్బుతో దీవిలోనే సోలార్ పలకలు, బ్యాటరీలు పెట్టొచ్చన్నది ఎదుటివాదం. దానికీ నేల కావాలి, అడవితో నిండిన చిన్న దీవిలో ఆ నేల ఎక్కడిదన్న ప్రశ్న వెంటనే వస్తుంది.

ఒక్క కేబుల్‌నే నమ్ముకుంటే ఏమవుతుందో టాస్మేనియా చూసింది. 2015 డిసెంబరులో బాస్‌లింక్ తెగింది, బాగయ్యేసరికి 2016 జూన్. జలాశయాలు అడుగంటిన ఏడాది కావడంతో డీజిల్ జనరేటర్లు తెప్పించుకున్నారు. అందుకే కేబుల్ వచ్చాక కూడా దీవుల్లో పాత జనరేటర్లను అమ్మేయరు, ఆయిల్ ట్యాంకులు నిండుగానే ఉంచుతారు. డీజిల్ పూర్తిగా పోతుందన్న ప్రకటనల్లో ఈ ముక్క కనిపించదు.

వలకు మూసిన నీళ్ళు

2024 డిసెంబరు 25న ఫిన్లాండ్, ఎస్తోనియాల మధ్య ఎస్ట్‌లింక్-2 కేబుల్ తెగింది. ఒక ట్యాంకరు లంగరు ఈడ్చుకుంటూ పోయింది. బాగు చేయడానికి నెలలు పట్టింది. సముద్రపు కేబుళ్ళకు పెద్ద శత్రువులు లంగర్లు, నేలను గీసుకుంటూ పోయే ట్రాల్ వలలు. అందుకే కొన్ని దేశాలు కేబుల్ పొడవునా వేట నిషేధిస్తాయి. న్యూజిలాండ్‌లో రెండు దీవుల మధ్య కుక్ జలసంధిలో సుమారు ఏడు కిలోమీటర్ల వెడల్పున చేపల వేట, లంగరు రెండూ నిషిద్ధం.

మన లెక్కలోకి తెద్దాం. ఒడ్డు నుంచి 20 కిలోమీటర్ల దాకా, కేబుల్‌కు ఇరువైపులా అర కిలోమీటరు చొప్పున మూసేశారనుకోండి. మూసిన నీరు 20 చదరపు కిలోమీటర్లు. కందకం కోసం తవ్విన నేల 0.2 చదరపు కిలోమీటరు. పర్యావరణ నివేదికలో రెండో అంకె పేజీలకు పేజీలు ఆక్రమిస్తుంది. నూరు రెట్లు పెద్దదైన మొదటి అంకె జీవనోపాధి అనే పేరాలో ఒదిగిపోతుంది. వల వేయని నీటిలో చేప పిల్లలు పెరుగుతాయి, అది లాభమే అని సముద్ర జీవశాస్త్రజ్ఞులు కొందరంటారు. అక్కడ రోజూ వేసే ఫైబర్ తెప్పవాడికి ఆ లాభం ఎప్పుడు, ఎలా అందుతుందో లెక్క కట్టి చెప్పాలి.

నిజానికి తేలిక వలలు, గేలాలు కేబుల్‌కు ప్రమాదం కావు. మీటరున్నర లోతున పాతిన కేబుల్‌కు ఒడ్డు నుంచి లాగే పెద్దవల తగలదు. చిక్కు ఎక్కడంటే మన ఒడ్డున ఇసుక నిలకడగా ఉండదు. తుపానొస్తే ఒక చోట తవ్వేస్తుంది, మరోచోట పోస్తుంది. వేసిన నాడు మీటరున్నర కింద ఉన్నది రెండు తుపాన్ల తర్వాత పైకి తేలి, అడుగు వలకు కొక్కెంలా తగులుకోవచ్చు. కాబట్టి మత్స్యకార సంఘాలు అడగాల్సిన కాగితం ఏ ఏటికి ఆ ఏడు కేబుల్ మీద ఎంత ఇసుక ఉందో కొలిచే సర్వే, దాని ఖర్చు ఎవరిదో రాసిన షరతు.

ఒడ్డెక్కే చోటే అసలు పరీక్ష

కేబుల్ ఇసుక ఒడ్డును రెండు రకాలుగా దాటుతుంది. ఒకటి, తీరానికి అడ్డంగా కందకం తవ్వి పూడ్చడం. రెండోది, సరుగుడు తోపు వెనక నుంచి ఏటవాలుగా బోరు వేసి, ఇసుకకు పది మీటర్ల కింద నుంచి సముద్రంలోకి తేలడం. రెండోదే మేలు, ఇసుక దిబ్బ కదలదు. కానీ బోరులో వాడే బెంటొనైట్ బంకమట్టి ద్రవం పగుళ్ళ గుండా పైకి ఉబికితే ఇసుక మీద పేరుకుంటుంది. వదులు ఇసుకలో ఇది అరుదు కాదు. ఒత్తిడి మీటరు చూస్తూ, పడిపోగానే పంపు ఆపే మనిషి అక్కడ ఉండాలి.

ఇంకో సంగతి నివేదికల్లో తరచూ జారిపోతుంది. సముద్రంలో జంటగా వచ్చిన కేబుళ్ళు బోరుల్లోకి వెళ్ళేటప్పుడు విడిపోతాయి, ఒక్కో కేబుల్‌కు ఒక్కో బోరు. బోరుల మధ్య పది మీటర్ల ఎడం, పది మీటర్ల లోతు, 1,000 ఆంపియర్లు అనుకుంటే పైన ఇసుకలో 14 నుంచి 16 మైక్రోటెస్లాలు. అంటే భూమి క్షేత్రంలో మూడో వంతు. ఇరవై మీటర్ల నీటికి ఎగువన 0.075 ఉన్నది తాబేలు గుడ్లు పెట్టే చోట రెండువందల రెట్లు అవుతోంది. సముద్ర తాబేలు పిల్లలు భూమి క్షేత్రాన్ని దిక్కు తెలుసుకోవడానికి వాడతాయని ప్రయోగాల్లో తేలింది. కాబట్టి కొలవాల్సింది, ఒకవేళ మార్చాల్సింది కూడా ఇక్కడే. గుడ్లు పెట్టే ఇసుక తీర నియంత్రణ నిబంధనల్లో సీఆర్‌జెడ్ 1ఏ, అంటే అత్యంత సున్నితమైన ప్రాంతాల వర్గం కిందికి వస్తుంది. ఒకటి రెండు కిలోమీటర్లు పక్కకు జరిగితే గుడ్లు పెట్టని రాతి ఒడ్డు దొరకవచ్చు.

ఒడ్డు దాటాక కన్వర్టర్ స్టేషన్, అక్కడి నుంచి గ్రిడ్ దాకా టవర్ల వరుస. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలతో పాటు కరెంటు స్తంభాలు వేలల్లో నేలకూలాయి. నీటి అడుగున కేబుల్ గాలికి చెక్కుచెదరకపోయినా దాన్ని అందుకునే టవర్లు పడిపోతే దీవికి చీకటే. టవర్ల కింద కొట్టే చెట్లు కూడా ఆ కేబుల్ ఖాతాలోవే.

ఏ నెలలో పని?

మన తీరంలో ఆలివ్ రిడ్లేలు జనవరి నుంచి ఏప్రిల్ దాకా గుడ్లు పెడతాయి. గుడ్డు పిల్ల కావడానికి 45 నుంచి 60 రోజులు. అంటే చివరి పిల్లలు నీరు చేరేసరికి మే నెలాఖరు, ఒక్కోసారి జూన్. వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా. ఇంజిను పడవలన్నీ ఒడ్డునే ఉండే ఆ 61 రోజులు కేబుల్ ఓడకు సుఖం, వలలకు పరిహారం లెక్క పెద్దగా రాదు. తాబేలుకు అదే కీలక సమయం. జూన్ రెండో వారంలో నైరుతి కెరటాలు మొదలవుతాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్ల భయం.

ఒడ్డు పనికీ సముద్రపు పనికీ విడివిడిగా తేదీలు వేస్తే ఈ ముడి కొంత విడుతుంది. తోపు వెనక పెట్టే బోరు యంత్రానికి సముద్రం ఎలా ఉన్నా ఒకటే, దాన్ని ఆగస్టు, సెప్టెంబరులలోనే ముగించి, సముద్రం వైపు చివర తెరవకుండా గొట్టాలు మూసి ఉంచవచ్చు. కేబుల్‌ను లోపలికి లాగడం కొన్ని రోజుల పని. అది ఏప్రిల్, మే నెలల్లో పడినా ఇసుక మీద ఎవరూ నడవనక్కర్లేదు. ఒక్క దీపాల విషయంలోనే జాగ్రత్త కావాలి. గుడ్లు పగిలి బయటికొచ్చిన పిల్లలు వెలుతురున్న వైపే పాకుతాయి. ఓడ మీదివైనా, తోపు వెనకవైనా ఫ్లడ్‌లైట్లను ఇసుక మీద పడకుండా తిప్పి, వాటికి రేకు తొడుగులు బిగించాలి.